బావ చేతి బుడగలు

జూన్ 4

మౌనవ్రతం మౌస్ అడుగున, ఎర్ర లైటు వచ్చే చోట, చిన్న టేపు ముక్క అంటించాను. పొద్దున్నంతా ఆవిడ ఆ మౌస్‌ను తుడిచింది, ఊదింది, బ్యాటరీ మార్చింది, చివరికి బల్లకేసి కొట్టింది. నోరు మాత్రం విప్పలేదు. అందుకే ఆవిడకు ఆ పేరు పెట్టాను. నేను ఈ లాబ్‌లో చేరినప్పటి నుంచి ఆవిడ నాతో అన్నది ఒక్కటే మాట, గుమ్మం దగ్గర, జరగండి అని.

బావ నవ్వాపుకోలేక ఫ్రిజ్ తలుపు వెనక దాక్కున్నాడు. తర్వాత వచ్చి నా నెత్తిన ఒకటి మొట్టి, నీ సరదా తగలెయ్య అన్నాడు. అది ఆయన ఆశీర్వాదం. మా అక్కతో పెళ్ళినాడు ఆయన కూర్చునే కుర్చీకి జిగురు రాశాను. అప్పుడూ ఇదే మాట. కాలేజీ గుమ్మం తొక్కి వెనక్కి తిరిగొచ్చిన నాకు ఈ కంప్యూటర్ ముందు కుర్చీ ఇప్పించిందీ ఆయనే. ఆ కుర్చీకి ఎవరూ జిగురు రాయలేదు.

జూన్ 7, ఆదివారం

అక్క ఇంట్లో భోజనం. ఇద్దరూ ఒకే చోట పని చేస్తున్నారు కదా, అక్కడ నువ్వు చేసేదేమిట్రా, మీ బావను ఏడిపించడం కాకుండా, అని అడిగింది. ఉల్లిపాయ తీసుకుని చూపించాను.

ఇది ఎలక మెదడు అనుకో. బావ, మౌనవ్రతం దీన్ని పల్చటి చక్రాలుగా కోస్తారు. రంగు పట్టించి, గాజు పలక మీద పరిచి, జిగురు చుక్క వేసి, పైన పల్చటి గాజు మూత పెడతారు. స్కానరు ఫొటో తీస్తుంది. అక్కడి నుంచి రాజ్యం నాది. వంకరగా పడ్డ ముక్కను నిలబెడతాను. బోర్లా పడ్డదాన్ని తిప్పుతాను. కోయకముందే కుడివైపు సూదితో ఒక పోటు పొడుస్తాడు బావ. ఆ చిల్లు ఎడమవైపు కనిపించిందంటే ముక్క బోర్లా పడినట్టు. ముందు నుంచి వెనక్కి వరసగా నంబర్లు వేస్తాను. తర్వాత ఒక్కోదాన్ని అట్లాస్ మీద పరుస్తాను. అట్లాస్ అంటే మెదడుకు మ్యాపు, ఏ పేట ఎక్కడుందో గీతలు గీసి ఉంటుంది. ఆ గీతలకు సరిపోయేలా ముక్క అంచులు లాగి పిన్నులు కొడతాను. ఆఖరున మెషీన్‌కు పాఠం చెప్తాను. ఎర్ర బ్రష్‌తో నాలుగు గీతలు గీసి ఇది కణం, పచ్చ బ్రష్‌తో గీసి ఇది కాదు అంటే చాలు. మిగతా ఫొటోలన్నిట్లో కణాలు అదే ఏరుకుంటుంది, ఏ పేటలో ఎన్నో లెక్క తేలుస్తుంది.

అక్క అంతా విని, మెదడు లేనివాడి చేత మెదళ్ళు సర్దిస్తున్నారన్నమాట అంది. బావ పడీపడీ నవ్వాడు. చేతిలో గ్లాసు ఒలికింది. అక్క కొంగుతో తుడిచింది.

ఒలికింది నవ్వు వల్ల కాదు. నేను చూశాను.

జూన్ 11

బావ వేసిన స్లైడ్ల నిండా గాలి బుడగలు. గాజు మూత పెట్టేటప్పుడు చేయి వణికితే కింద గాలి ఇరుక్కుంటుంది. పెద్దవైతే ఎవరికైనా తెలుస్తాయి. ఇవి పిల్ల బుడగలు. నల్లటి అంచుతో, గుండ్రంగా, అచ్చం రంగు పట్టిన కణాల సైజులో. వీటిని పచ్చ బ్రష్‌తో కొట్టిపారేయడం నా పని. ఇవాళ వేలు నొప్పెట్టింది.

మౌనవ్రతం స్లైడ్లు కడిగిన అద్దంలా ఉన్నాయి. ఆవిడవి నీళ్ళ ఎలకలు, అంటే మెదడు కణాలు పెంచుతుందేమోనని మేం పరీక్షిస్తున్న మందు బదులు ఉప్పునీళ్ళు ఎక్కించినవి. మందు ఎలకలు బావవి. అవి విలువైనవి, సీనియర్ చేతిలోనే ఉండాలి అని లాబ్ నడిపే మేడమ్ అలా పంచింది.

బావను పక్కకు పిలిచి ఫొటోలు చూపించాను. మొహం పాలిపోయింది. కొన్ని నెలలుగా చేయి వణుకుతోందట. మేడమ్‌కు చెప్పొద్దన్నాడు. చెప్పను, కానీ ఈ నెలాఖరు దాకా నువ్వు నన్ను సార్ అని పిలవాలి అన్నాను.

సరే సార్ అన్నాడు.

జూన్ 12

మధ్యాహ్నం అందరి ముందూ సార్, టీ తాగారా అన్నాడు. మౌనవ్రతం తలెత్తి చూసింది. కడుపు పట్టుకుని నవ్వాను.

జూన్ 15

నవ్వులాట కాదు ఇది. మేడమ్ కనిపెట్టింది. బావ గాజు మూత పట్టుకుని నిలబడ్డప్పుడు వెనకనుంచి చూసిందట. నన్ను గదిలోకి పిలిచి, మీ బావగారి చేతులు అయిపోయినట్టున్నాయి, ఈ ఎలకల సెట్టు పూర్తయ్యాక పంపించేద్దామనుకుంటున్నాను, పని మొత్తం మౌనవ్రతమే చూసుకుంటుంది అంది. ఇంట్లో మెల్లగా చెప్పమంది. చెప్పడానికి నేనే దొరికాను.

చెప్పలేదు. బావ ఈ పని తప్ప ఇంకోటి ఎరగడు. ఇంట్లో కూర్చోబెడితే నెల తిరక్కుండా అక్క ప్రాణం తీస్తాడు, లేకపోతే తనదే పోగొట్టుకుంటాడు.

జూన్ 16

ఆయన్ను నవ్విద్దామనుకున్నాను. అంతే.

పచ్చ బ్రష్ పక్కన పెట్టి ఎర్ర బ్రష్ తీశాను. బావ బుడగల మీద నాలుగు గీతలు గీశాను. ఇవి కణాలు అని మెషీన్‌కు చెప్పాను. అది బుద్ధిగా విన్నది. క్షణంలో ఆ ఎలక మెదడంతా ఎర్రటి చుక్కలు, పొంగు పోసినట్టు. బావను పిలిచి, చూడు, నీ చెయ్యి తగిలితే ఎలక్కి ఎంత తెలివొచ్చిందో, రేపో మాపో నా కుర్చీకి దరఖాస్తు పెట్టుకుంటుంది అన్నాను. చాలా రోజులకు ఫ్రిజ్ తలుపు వెనక్కి వెళ్ళాడు.

తర్వాత టీకి పోయాం.

జూన్ 17, పొద్దున

చెరపడం మర్చిపోయాను. నిన్న మేమిద్దరం టీ తాగుతుంటే మేడమ్ వచ్చి, నా సీట్లో కూర్చుని, ఎలకలన్నిటి మీదా అదే పాఠంతో లెక్క నడిపించేసింది.

జూన్ 17, సాయంత్రం

మేడమ్ కళ్ళద్దాలు నెత్తి మీదకు తోసుకుని పరిగెత్తుకొచ్చింది. మందు ఎలకల్లో కణాలు రెట్టింపున్నాయట. నీళ్ళ ఎలకల్లో మామూలేనట. మందు పనిచేసింది. ఎన్నాళ్ళుగా ఎదురు చూస్తోందో, ఆ మాటే రెండుసార్లు చెప్పింది.

రెట్టింపు ఉండవా మరి. మందు ఎలకలన్నీ బావవి. బుడగలన్నీ బావవి.

నోరు తెరిచాను. ఈలోగా ఆవిడ బావ దగ్గరికి వెళ్ళి, నేను తొందరపడ్డాను, మీ చేతుల్లో ఏదో ఉంది, మీరెక్కడికీ వెళ్ళటానికి వీల్లేదు అంది. తనను పంపించేద్దామనుకున్నారని బావకు అప్పుడే తెలిసింది. కళ్ళు తుడుచుకున్నాడు. నిన్నటి ఎర్ర గీతలు నేను అప్పుడే చెరిపేశాననుకుంటున్నాడు.

తెరిచిన నోరు ఆవలింతగా మార్చుకున్నాను.

జూన్ 21

అక్క పిలిచి భోజనం పెట్టింది. బావకు కొత్త చొక్కా. నా జన్మలో ఇంత మంచి వేళాకోళం ఆడలేదు, ఎవరికీ చెప్పుకోలేకపోవడమొక్కటే లోటు. నవ్వుకుంటూ కూర్చున్నాను. నీకేమొచ్చిందిరా అంది అక్క. కూర బాగుంది అన్నాను.

జూలై 3

పెద్దలెవరో లాబ్ చూడటానికొచ్చారు. మేడమ్ తెర మీద నా ఎర్ర చుక్కలు చూపించింది. కోటు వేసుకున్న ఒకాయన దగ్గరకెళ్ళి బొటనవేలితో ఒక బుడగను చూపించి, ఎంత ఆరోగ్యంగా ఉందో అన్నాడు. నాకు ఎక్కిళ్ళు వచ్చాయి, బయటికి పోయి నీళ్ళు తాగొచ్చాను.

వచ్చేసరికి బావను ముందుకు నిలబెట్టి ఈ చేతులే అంటోంది మేడమ్. బావ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నేను వెనకనే ఉన్నాను. ఒక చేతిని ఇంకో చెయ్యి పట్టుకుని ఆపుతోంది.

జూలై 12

నెల తిరిగినా బావ సార్ అనడం మానలేదు. అలవాటైందట. మానేయమని చెప్పలేదు.

జూలై 14

ఇంత పేరొచ్చాక చేతుల సంగతి చూసుకోవద్దా అని అక్క ఆయన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. మాత్రలిచ్చాడు. ఇవాళ బావ నా ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించాడు. ఒక్కసారికే. చిన్నపిల్లాడిలా మొహం పెట్టి నా వైపు చూశాడు.

భలే అన్నాను. ఎందుకో బుడగలు గుర్తొచ్చాయి.

జూలై 22

కొత్త సెట్టు ఫొటోలు వచ్చాయి. బావ స్లైడ్లు కడిగిన అద్దంలా ఉన్నాయి.

జూలై 24

అనుకున్నట్టే అయింది. కొత్త సెట్టు మందు ఎలకల్లో కణాలు పెరగలేదు. నీళ్ళ ఎలకలకూ వాటికీ తేడా లేదు. మేడమ్ మూడుసార్లు లెక్క నడిపించి, నన్ను పక్కకు జరగమని తనే నడిపించి, చివరికి బావను పిలిచింది. మందు ఎలకలూ నీళ్ళ ఎలకలూ కలిపేశారు మీరు అంది. బావ లేదండీ అన్నాడు. మరి మందు ఉన్నట్టుండి పనిచేయడం మానేసిందా అంది. దానికాయన ఏం చెప్తాడు. ఇన్నాళ్ళూ వణికిన చేయి మాత్రలతో బాగైందని చెప్పే ధైర్యం లేదు.

ఇంకొక్క సెట్టు ఇస్తానంది. అది కూడా ఇలాగే వస్తే మర్నాటి నుంచి రానక్కర్లేదంది.

చక్కగా పని చేసినందుకు మాటలు పడ్డవాణ్ణి మొదటిసారి చూశాను. నవ్వొచ్చింది. నిజం రాసుకోవాలిగా, వచ్చింది.

జూలై 25

నా దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, ఆ ఎర్ర గీతలు చెరిపేయడం. చెరిపితే పాత లెక్కంతా కూలుతుంది. మేడమ్ ఎవరు గీశారని వెతుకుతుంది. ఫైలు తెరిస్తే పక్కనే నా పేరుంటుంది. కోటాయన ముందు బుడగను కణమని చూపించిన ఆడది నన్ను బతకనిస్తుందా.

రెండోది బావ.

మెట్ల మీద పట్టుకున్నాను.

"బావా, ఆ మాత్రలు మానెయ్."

"అదేంట్రా. ఇప్పుడే కదా చెయ్యి నిలబడింది."

"నిలబడ్డాకే కదా తిట్లు పడ్డాయి. వణికినప్పుడు ఏమంది? మీ చేతుల్లో ఏదో ఉందంది. నువ్వే ఆలోచించుకో."

చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"సరదాకి అనట్లేదు కదూ?"

"అక్క మీద ఒట్టు. ఈసారి సరదా కాదు."

అక్కకు చెప్పకు అన్నాడు. చెప్తానా.

ఆగస్టు 1

బుడగలొచ్చాయి.

ఆగస్టు 3

మేడమ్ మళ్ళీ మనిషైంది. మధ్యలో వచ్చిన ఆ జూలై సెట్టులో ఎలకలు కలిసిపోయాయని రాసేసి పక్కన పడేసింది. బావకు క్షమాపణ కూడా చెప్పింది. ఆయన నా వైపు చూశాడు, నువ్వు చెప్పింది నిజమేరా అన్నట్టు. ఆ చూపు ఇంకెవరి మీదన్నా పడుంటే బాగుండును.

వణుకు పాత వణుకు కాదు. మానేసిన మాత్రలు వడ్డీ వసూలు చేస్తున్నట్టుంది. మూతి దగ్గరికి కప్పు తీసుకెళ్ళడానికి రెండు చేతులూ కావాలి. ఇవాళ టీ నేనే పోశాను. అలవాటు చొప్పున అంచుదాకా పోశాను. చొక్కా మీద పడింది, ఆ కొత్త చొక్కా మీద. నీ సరదా తగలెయ్య అన్నాడు. మొట్టడానికి చేయి లేపి మళ్ళీ దించుకున్నాడు.

ఆగస్టు 8

మెదడు కోసే మెషీన్ బ్లేడు మారుస్తూ చూపుడు వేలు కోసుకున్నాడు. ఎముక దాకా. అరవలేదు. సార్, ఇటొకసారి వస్తారా అని పిలిచాడు. ఏదో వేళాకోళమనుకుని, రాను పో అన్నాను. రెండోసారి పిలిచాక వెళ్ళాను.

మేడమ్ పరిగెత్తుకొచ్చి, ముక్కల మీద రక్తం పడలేదు కదా అని అడిగింది. తర్వాత అయ్యో అంది. ఆవిణ్ణి తిట్టుకున్నాను. కానీ నేను ముందు చూసిందీ ముక్కల వైపే.

ఆగస్టు 9, ఆసుపత్రి

మాత్రలు ఒక్కసారిగా ఎందుకు మానారని డాక్టరు మండిపడ్డాడట. ఎవరు మానమన్నారని అక్క నా ముందే బావను నిలదీసింది. నాకే అనిపించి మానేశాను అన్నాడు. అక్క నా వైపు చూడలేదు. ఆయనా చూడలేదు. నేను గోడ మీది గడియారం చూశాను.

ఆగస్టు 12

వేలు కదలదట. వణుకు మళ్ళీ మాత్రలకు లొంగుతుందో లేదో చెప్పలేనన్నాడట డాక్టరు. బావ ఇంక రాడు. ఆయన కోటు ఇంకా మేకుకు వేలాడుతోంది. జేబులో ఒక టేపు ముక్క దొరికింది, అచ్చం మౌస్ అడుగున అంటించేంత. ఎవరి మౌస్‌కో. ఎప్పుడన్నా నామీద తిరగేద్దామని ఉంచుకున్నాడేమో.

ఆగస్టు 14

మేడమ్ పిలిచింది. మందు ఎలకల స్లైడ్లు ఇకనుంచి నన్ను వేయమంది. ఫొటోల పనీ నాదే. ఇన్నేళ్ళు పక్కనుండి చూశావు, అచ్చం మీ బావగారిలాగే వేయాలి, కొంచెం కూడా మార్చొద్దు, మందు సంగతి తేలేది ఈ సెట్టుతోనే అంది. మౌనవ్రతానికి ఎందుకివ్వరని అడిగాను. ఆవిణ్ణే ముందడిగిందట. వద్దందట.

సాయంత్రం మౌనవ్రతం నా బల్ల దగ్గర ఆగింది. తెర మీద ఎర్ర చుక్కల వైపు కాసేపు చూసింది.

"మీ బావగారికి తెలుసా?" అంది.

ఏం తెలుసా అన్నాను. ఆవిడ బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. చెప్పదు. నోరుంటే కదా చెప్పేది. అయినా సాయంత్రమంతా గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 18

పాడు చేతులు. బండరాయిలా నిలబడతాయి. నేను వేసిన స్లైడ్లలో ఒక్క బుడగ లేదు. మూత పైనుంచి దబ్బున పడేశాను, ఒకటే పెద్ద బుడగ వచ్చింది, రూపాయి కాసంత. దాన్ని కణమంటే మెషీన్ కూడా నవ్వుతుంది. నాలుగు కప్పులు కాఫీ తాగి వేశాను. గుండె దడదడలాడింది. చేతులు కదల్లేదు. ఆ పిల్ల బుడగలు బావకే వస్తాయి.

వచ్చే మంగళవారానికి సెట్టు ఇవ్వాలి. కణాలు రెట్టింపు లేకపోతే మేడమ్ ఈసారి ఎలకలు కలిసిపోయాయని అనుకోదు. ఫైలు తెరుస్తుంది.

ఆగస్టు 20

అక్క ఇంటికి వెళ్ళాను. పళ్ళు కూడా కొన్నాను. బావ కిటికీ దగ్గర కూర్చున్నాడు. వేలికి కట్టు. ఎలా ఉందని అడిగాను. తర్వాత మంచినీళ్ళు తాగవా బావా అన్నాను. దాహం లేదురా అన్నాడు. కాస్త తాగు అని గ్లాసు అందించాను.

ఆయన తాగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడ మొదలవుతోంది, ఎంత వేగం, ఆగి ఆగి వస్తోందా, ఒకే తీరుగా వస్తోందా. ఒళ్ళో చేయి పెట్టుకుని మెల్లగా ఆడించి చూశాను. కుదరలేదు. ఇంకోసారి ఆడించాను.

బావ గ్లాసు దించాడు. నా చేతి వైపు చూశాడు. నేను ఆపేశాను. ఏదో ఒకటి చెప్పాలి.

ఆయన నవ్వాడు. ఫ్రిజ్ తలుపు వెనక నవ్వే నవ్వే. పెళ్ళినాటి నుంచి ఏడిపించినవాణ్ణి, ఇది కూడా అదే అనుకున్నాడు. కట్టులేని చేతిని గాల్లోకి లేపి నా మొహం ముందు పెట్టాడు. దాన్ని ఆపలేదు, వణకనిచ్చాడు.

"వేళ్ళు ఆడిస్తే రాదురా. మణికట్టు దగ్గర్నుంచి రావాలి. ఇదిగో, చూడు."

చూశాను. ఆయనతో పాటు చేయి లేపాను. ఇద్దరం కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చుని చేతులు ఆడించాం. ఆ, అలా, ఇప్పుడొచ్చింది సార్ అన్నాడు.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. పళ్ళ సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇంక మా గడప తొక్కకు."

బావ ఏదో అనబోయాడు. అక్క ఆయన చేయి పట్టుకుని కిందికి దించి, తన చేతిలోనే ఉంచుకుంది. నేను చెప్పులేసుకున్నాను.

ఆగస్టు 21

మణికట్టు దగ్గర్నుంచి. బుడగలు బాగా వచ్చాయి.